పదిహేను రూపాయల బాకీ

మా జేజి పోయిన రాత్రి ఇంట్లో అందరం ఫోన్లు ముందేసుకుని కూర్చున్నాం. నాయనమ్మను మా పాణ్యం వైపు జేజి అంటాం. పెద్దదినం నాటికి గోడకు తగిలించడానికి ఒక ఫొటో కావాలి. కావాల్సింది అంతే.

నా ఫోన్లో పద్నాలుగు వేల ఫొటోలున్నాయి. మా చెల్లెలి ఫోన్లో అంతకంటే ఎక్కువే. మా నాయన ఫోన్లో గుడ్‌మార్నింగ్ పువ్వులన్నీ తీసేసినా రెండు వేలు తేలతాయి. వేళ్లు నొప్పి పుట్టేదాకా తోసుకుంటూ పోయాం. జేజి లేకపోలేదు. పుట్టినరోజు కేకు వెనక సగం మొహంతో ఉంది. మనవరాలు సెల్ఫీ తీసుకుంటుంటే ఆ పిల్ల భుజం పక్కన కళ్లు మూసుకుని ఉంది. పెళ్లి పందిట్లో ప్లాస్టిక్ కుర్చీలో, ఎవరిదో ఎగిరిన పమిట చాటున ఉంది. ఆమెను ఒక్కదాన్నే కూర్చోబెట్టి, ఆమె వైపే చూస్తూ తీసిన ఫొటో మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు.

చివరికి వాట్సాప్‌లో చేతులు మారి మారి వచ్చిన ఒకదాన్ని పట్టుకుని నంద్యాలలో ల్యాబుకు పోయాను. అక్కడి కుర్రాడు దాన్ని పెద్దది చేసి చూపించాడు. జేజి మొహం గళ్లుగళ్లుగా విడిపోయింది.

‘‘పెద్ద సైజు రాదన్నా. ఇంకోటేమన్నా ఉంటే చూడు’’ అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే మా నాయన కాసేపు గమ్మునుండి, తర్వాత అన్నాడు... ‘‘94లో మీ చిన్నాయన కువైట్ పోయేముందు అమ్మకు ఫొటో తీయించినాం గదా, బస్టాండు కాడ స్టూడియోలో. ఆయప్పనడిగి చూడు.’’

ఆ ఫొటో నాకూ గుర్తే. మొత్తం మూడు కాపీలు చెప్పారు. ఒకటి చిన్నాయన కువైట్ పట్టుకుపోయాడు. గదులు మారడంలో అది ఎక్కడో పోయింది. ఇంకొకటి మా ఇంట్లో ఉండేది. ఒక వానాకాలం మిద్దె కారి, అద్దానికి అతుక్కుపోయి, మొహం మీద పెచ్చు లేచింది. మూడోది మా అత్తకు ఇవ్వాల్సింది. దాన్ని అసలు తెచ్చుకోనేలేదు.

ముప్పై ఏళ్ల నాటి నెగెటివ్‌ను ఎవరు దాచిపెడతారు? అయినా పోయాను.

‘ఏమన్నా పడిపోయిందా నాయనా?’

మా ఊరు కర్నూలు - నంద్యాల రోడ్డు మీద ఉంటుంది. అప్పుడది కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. ఆ రోజుల్లో బనగానపల్లె పోయేవాళ్లు రైలు దిగేది మా స్టేషన్లోనే. ఊళ్లో ఎవరికి ఫొటో కావాలన్నా, పదో తరగతి హాల్‌టికెట్ నుంచి పెళ్లిచూపుల ఫొటో దాకా, బస్టాండు దగ్గరి ఆ స్టూడియోకే పోవాలి. నాపరాళ్లు పరిచిన అరుగు. లోపల మేడమెట్లు, పూలకుండీలు గీసిన పరదా. దాని వెనక ఎర్రదీపం గది. ఆయన పేరేంటో మా ఈడు పిల్లలకు తెలియదు. అందరికీ ‘ఫొటో మామ’.

ఇప్పుడా అరుగు మీద జిరాక్సు మిషను, లామినేషన్ మిషను ఉన్నాయి. కొడుకు ఆన్‌లైన్ దరఖాస్తులు నింపుతుంటాడు. మామకు డెబ్బై దాటాయి. మూలన కుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు. సంగతి చెప్పాను.

‘‘మీ జేజి పోయిందని తెలిసింది అల్లుడూ. వద్దామనుకున్నా, మోకాళ్లు రానీలేదు’’ అని, ‘‘నెగెటివా... 94 అంటివి కదూ. కూచో, చూస్తా’’ అంటూ లోపలికి పోయాడు.

అప్పుడు చూశాను. లామినేషన్ మిషను పక్కన అద్దాల బీరువాలో, పాత తోలు సంచీలో, నా చిన్నప్పటి ఆ నల్ల పెట్టె. యాషికా మ్యాట్ 124జి. ఒకదాని కింద ఒకటి, రెండు కళ్లు.

ఆ రెండు కళ్లూ ఒకప్పుడు నన్ను చాలా భయపెట్టాయి. 1994లో నాకు ఆరేళ్లు. జేజి చెయ్యి పట్టుకుని స్టూడియోకు పోయింది నేనే. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆమె నమ్మకం. కొడుకు దేశం కాని దేశం పోతున్నాడు, తల్లి మొహం చూసుకోవాలంటున్నాడు గనక ఒప్పుకుంది. స్టూలు మీద కూర్చుంది. రెండు పక్కలా పెద్ద బల్బులు వెలిగాయి. జేజి బిగుసుకుపోయింది. పెదవులు లోపలికి పోయాయి. ఊపిరి కూడా తీయడం లేదేమో అనిపించింది.

మామ కెమెరాను కంటికి పెట్టుకోలేదు. మెడలో తగిలించుకుని, పొట్ట దగ్గర పట్టుకుని, తల బాగా వంచేశాడు. అట్లాగే ఉండిపోయాడు. అర నిమిషం... ఒక నిమిషం... ఇంకా తల ఎత్తడే!

జేజికి ఆయన ఫొటో తీస్తున్నాడని తోచలేదు. మనిషి అంతసేపు తల వంచుకుని కింద చూస్తుంటే ఏమనుకోవాలి? మెల్లగా ముందుకు వంగి, ‘‘ఏమన్నా పడిపోయిందా నాయనా?’’ అని అడిగింది.

అప్పుడు వినిపించింది. గోడమీద బల్లి నాలుక చప్పరించినంత చిన్న చప్పుడు. టిక్.

‘‘అయిపోయింది పెద్దమ్మా, లెయ్’’ అన్నాడు మామ.

ఆ ఫొటోలో మా జేజి ఫొటో దిగుతున్న మనిషిలా లేదు. ఎవరికో ఏదో పోయిందేమోనని కనుక్కుంటున్న మనిషిలా ఉంది. ఎనభై ఏళ్ల పైన బతికిన మా జేజి బతుకంతా అదే!

రెండు కళ్ల పెట్టె

ఈ రకం కెమెరాను ట్విన్ లెన్స్ రిఫ్లెక్స్ అంటారు. పై కన్ను చూడటానికి, కింది కన్ను ఫొటో తీయడానికి. పై కటకంలోంచి వచ్చిన వెలుగు లోపల ఏటవాలుగా ఉన్న అద్దానికి తగిలి, పైనున్న గరుకు గాజు పలక మీద బొమ్మ కడుతుంది. మూత తెరిచి, తల వంచి ఆ పలకలోకి చూడాలి. పక్కనున్న చక్రం తిప్పితే రెండు కటకాలూ కలిసే ముందుకూ వెనక్కూ కదులుతాయి. పైన బొమ్మ స్పష్టంగా ఉందంటే కింద ఫిలిం మీదా స్పష్టంగా పడుతుందన్నమాట. విద్య అంతా ఇంతే. కరెంటు అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు.

చిక్కులు కూడా ఉన్నాయి. గాజు పలక మీద కుడి ఎడమలు తారుమారవుతాయి. మనిషి కుడి పక్కకు జరిగితే బొమ్మ ఎడమ పక్కకు పోతుంది. కొత్తవాళ్లు దాన్ని వెంబడించబోయి ఇంకా పోగొట్టుకుంటారు. కింది కన్ను పై కన్ను కంటే కాస్త దిగువన ఉంటుంది కాబట్టి, దగ్గరి ఫొటోల్లో తల తెగుతుంది. అందుకే మామ ఎప్పుడూ తల పైన రెండు వేళ్ల జాగా ఎక్కువ వదిలేవాడట.

దీనికున్న ఒక సుగుణం మాత్రం తర్వాత వచ్చిన కెమెరాల్లో చాలావాటికి లేదు. ఒకే కటకమున్న రిఫ్లెక్స్ కెమెరాలో మీట నొక్కగానే లోపలి అద్దం పైకి లేస్తుంది. సరిగ్గా ఫొటో పడే క్షణంలో తీసేవాడికి చీకటి. ఈ రెండు కళ్ల పెట్టెలో అద్దం కదలదు. ఫొటో పడే క్షణంలోనూ మనిషి మొహం కనిపిస్తూనే ఉంటుంది. ‘‘కన్నార్పినావు, ఇంకోటి తీస్తా’’ అని మామ అప్పటికప్పుడే చెప్పగలిగేది అందుకే. రీలు కడిగేదాకా ఆగాల్సిన పనిలేదు.

ఈ పెట్టెకు పెద్ద పేరు తెచ్చింది జర్మనీ. బ్రాన్‌ష్వైగ్ పట్టణంలో ఫ్రాంకె, హైడెకె అనే ఇద్దరు కలిసి పెట్టిన కంపెనీ 1929లో రోలీఫ్లెక్స్‌ను తెచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ప్రపంచంలో పత్రికా ఫొటోగ్రాఫర్ అంటే మెడలో రోలీఫ్లెక్స్ ఉండాల్సిందే. మన దేశంలో తొలి మహిళా పత్రికా ఫొటోగ్రాఫర్ హోమాయ్ వ్యారావాలా ఢిల్లీలో ఆ కెమెరాతోనూ పనిచేశారు. నెహ్రూ కాలాన్ని ఫొటోల్లో మనకు మిగిల్చిన ఆమె 1970లో కెమెరా పక్కన పెట్టేశారు. 2011లో పద్మవిభూషణ్ అందుకున్నారు, మరుసటి ఏడాది కన్నుమూశారు.

అయితే రోలీఫ్లెక్స్ ధర చిన్న ఊరి స్టూడియోకు అందేది కాదు. ఆ లోటు తీర్చింది జపాన్. 1950ల నుంచీ రెండు కళ్ల కెమెరాలు చేస్తూ వచ్చిన యాషికా, 1970లో ఈ 124జి మోడల్ తెచ్చింది. 1986 దాకా చేసింది. మన ఊళ్లలో పెళ్లి ఆల్బంలు చాలావరకూ ఇలాంటి పెట్టెల్లోంచి వచ్చినవే. మీ ఇంట్లో పాత ట్రంకు పెట్టె ఉంటే తెరిచి చూడండి. నలుపు తెలుపులో నాలుగు పక్కలా సమానంగా ఉన్న ఫొటో కనిపిస్తే, తీసిన మనిషి తల వంచుకునే తీసి ఉంటాడు!

ఆ నలుచదరం నెగెటివ్ సైజు ఆరు సెంటీమీటర్లకు ఆరు. తర్వాత వచ్చిన 35 ఎంఎం ఫిలింకు దాదాపు మూడున్నర రెట్లు. అంత జాగా ఉంది గనకే ఫొటోను ఎంత పెద్దది చేసినా మొహం విరగదు. సన్నని పెన్సిలు పట్టుకుని నెగెటివ్ మీదే మచ్చలు మాయం చేసేవాళ్లు. దాన్నే టచింగ్ అనేవాళ్లు. పెళ్లికూతుళ్లకు తప్పనిసరి.

ఒక రీలుకు పన్నెండు ఫొటోలు. అంతే. పదమూడోది లేదు.

ఆ పన్నెండే చివరికి దాని కొంప ముంచింది. 1991లో పి.వి.నరసింహారావు ప్రధాని అయ్యాక నంద్యాల లోక్‌సభకు ఉప ఎన్నిక వచ్చింది. ఐదు లక్షలకు పైగా మెజారిటీతో గెలిచి దేశమంతా మన నంద్యాల పేరు మోగించారు. ఆ హడావుడి చూద్దామని మామ కూడా యాషికా తగిలించుకుని నంద్యాల పోయాడట. ‘‘పట్నం నుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్ల కెమెరాలు టకటకా కొడుతున్నాయి అల్లుడూ. వాళ్ల రీలుకు ముప్పై ఆరు. నా దాంట్లో మిగిలినవి నాలుగు. మరుసటి రోజు నిశ్చితార్థం ఉంది. దానికి మూడు దాచిపెట్టుకుని, ఒకటే తీసి వచ్చేసినా.’’

తర్వాత కథ మీకూ తెలిసిందే. రంగుల ల్యాబులొచ్చాయి. 35 ఎంఎం వచ్చింది. డిజిటల్ వచ్చింది. మన ప్రభుత్వమే 1960లో ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ పెట్టి ‘ఇందు’ పేరుతో ఫిలిం తయారు చేయించింది, అదీ మూతపడింది. ప్రపంచానికి ఫిలిం అలవాటు చేసిన కొడాక్ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. మామ యాషికా అద్దాల బీరువా ఎక్కింది.

కిలో లెక్కన వెండి

మామ లోపలి నుంచి ఒక్క అట్టపెట్టె తెచ్చాడు. ఒక్కటే. ఇరవై ముప్పై ఏళ్లు ఊరంతటినీ తీసిన మనిషి దగ్గర మిగిలింది ఒక్క పెట్టేనా అనుకున్నాను.

‘‘మిగిలినవన్నీ?’’

‘‘అమ్మేసినా.’’

నెగెటివ్‌లు కొంటారా? కొంటారు. నలుపు తెలుపు నెగెటివ్‌లో నల్లగా కనిపించేదంతా నిజానికి వెండి. సన్నటి వెండి పొడి. పాత నెగెటివ్‌లు కిలోల లెక్కన కొనుక్కుని, ఆ పూత నుంచి వెండి తీసే వ్యాపారం ఒకటుంది. డిజిటల్ వచ్చిన కొత్తలో స్టూడియోలన్నీ డీలా పడ్డప్పుడు కొనేవాళ్లు ఊరూరా తిరిగారు. మామ దగ్గర నాలుగు గోనెసంచులు తూచి తీసుకుపోయారు.

‘‘కూతురు పెండ్లి దగ్గర పడింది అల్లుడూ. అవి వానకు తడుస్తా, చెద పడతా ఉండాయి. ఎవురన్నా వచ్చి అడుగుతారని నేనెట్ల అనుకుంటా?’’

నేనేం మాట్లాడలేకపోయాను. ఊళ్లో ఎంతమంది పెళ్లిళ్లు, ఎంతమంది బాలింతలు, ఎంతమంది పోయినవాళ్లు ఆ నాలుగు గోనెసంచుల్లో ఉండి ఉంటారు! మన దేశపు ఫొటోల చరిత్రలో రాజులవి మిగిలాయి. హైదరాబాద్ ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు. ఆయన గాజు పలకల నెగెటివ్‌లు రెండు వేలకు పైగా ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. మంచిదే. కానీ పాణ్యం బస్టాండులో స్టూలు మీద కూర్చున్న మనుషులు వెండి పట్టీలై, ఉంగరాలై ఎక్కడెక్కడో తిరుగుతున్నారు.

‘‘మరి ఈ పెట్టె ఎందుకు అమ్మలేదు మామా?’’

మామ కొంచెం నవ్వాడు. ‘‘ఇది బాకీ పెట్టె.’’

అడ్వాన్సు కట్టి ఫొటోలు తీసుకుపోయి మిగతా డబ్బు ఇవ్వనివాళ్లవి, చెప్పిన కాపీలు తీసుకుపోనివాళ్లవి విడిగా ఈ పెట్టెలో వేసేవాడు. డబ్బులు కట్టాకే ఇస్తానని. ఒక్కో కవరు మీదా పేరు, తేదీ, బాకీ. లెక్క తేలని సొమ్మును అమ్ముకోవడం తప్పని, గోనెసంచులు తూచిన రోజు కూడా దీన్ని పక్కన పెట్టాడు.

గోధుమరంగు కవరు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. మా నాయన పేరు. 1994. కింద వంకరటింకర అంకెల్లో ‘బాకీ 15’.

మూడో కాపీ! అత్తకు ఇవ్వాల్సిన, మా నాయన తెచ్చుకోవడం మరిచిపోయిన మూడో కాపీ.

నెగెటివ్‌ను కిటికీ వెలుగుకు పెట్టి చూశాను. నలుపు తెల్లగా, తెలుపు నల్లగా మా జేజి. తెల్ల వెంట్రుకలన్నీ నల్లగా మెరుస్తున్నాయి. అంటే అక్కడున్నదంతా వెండే. ముందుకు వంగి, పెదవులు కొంచెం తెరిచి... ‘ఏమన్నా పడిపోయిందా నాయనా?’

ఇట్లాంటిదే ఇంకో బాకీ కథ అమెరికాలో ఉంది. షికాగోలో ఇళ్లల్లో పిల్లల్ని చూసుకునే ఆయాగా పనిచేసిన వివియన్ మేయర్ అనే ఆవిడ, ఖాళీ దొరికినప్పుడల్లా రోలీఫ్లెక్స్ పట్టుకుని వీధుల్లో ఫొటోలు తీసేది. ఎవరికీ చూపించేది కాదు. సామాన్లు దాచుకున్న గదికి అద్దె కట్టలేకపోవడంతో 2007లో అందులోని పెట్టెలన్నీ వేలం వేశారు. కొన్నవాళ్లు తెరిచి చూస్తే వేలకు వేలు నెగెటివ్‌లు. మొత్తం లక్షకు పైగా తేలాయి. 2009లో ఆమె పోయింది. ఇప్పుడు ఇరవయ్యో శతాబ్దపు గొప్ప వీధి ఫొటోగ్రాఫర్లలో ఒకరిగా ప్రపంచం ఆమె పేరు చెబుతోంది. అక్కడా బాకీయే, ఇక్కడా బాకీయే. దాచిపెట్టుకోవాలన్న జ్ఞానం కంటే చెల్లించకపోవడమే కొన్నిసార్లు చరిత్రను కాపాడుతుందేమో!

నంద్యాల ల్యాబులో కుర్రాడు ఆ నెగెటివ్‌ను స్కాన్ చేసి, గోడంత పెద్దది చేసి చూపించాడు. ముక్కుపుడక మీద స్టూడియో బల్బు మెరుపు కూడా స్పష్టంగా ఉంది. ‘‘ఇదేం కెమెరా అన్నా?’’ అన్నాడు. వాడు పుట్టకముందే తయారీ ఆగిపోయిన కెమెరా అని చెబితే నమ్మలేదు.

పన్నెండే పన్నెండు

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు రెండు రీళ్లు తీసుకుపోయాను. ఈ సైజు ఫిలింను 120 అంటారు. 1901లో పుట్టింది, ఇంగ్లండ్‌లో, అమెరికాలో, చెక్ దేశంలో ఇప్పటికీ తయారవుతోంది. మన దగ్గర రీలు వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. ఈ పాత పెట్టెల కోసం ఇప్పుడు పాతికేళ్ల పిల్లలు వెతుకుతున్నారు. 2024లో పెంటాక్స్ కంపెనీ కొత్తగా ఒక ఫిలిం కెమెరానే బజారులోకి తెచ్చింది. సరదా కోసం కొనేవాళ్లూ ఉంటారు. కానీ నాకు కావాల్సింది వేరు. మా అమ్మా నాయనలను ఒకసారి అట్లా చూడాలి.

మామ వేళ్లు వణుకుతున్నాయి. అయినా కెమెరా వెనక తలుపు తెరిచి, పాత రీలు తాలూకు ఖాళీ కండెను పైకి మార్చి, కొత్త రీలును కింద పెట్టి, కాగితం మీది బాణం గుర్తును చుక్కల దగ్గరకు తెచ్చి ఆపేసరికి ఆ వణుకు పోయింది. మీటరు పనిచేయడం లేదు. దానికి వేసే పాదరసం బ్యాటరీలు రావడం ఎప్పుడో ఆగిపోయింది.

‘‘మీటరెందుకు? నీడ చూడు. నీడ అంచు కత్తితో కోసినట్లుంటే పదహారు పెట్టు. మెత్తగా ఉంటే ఎనిమిది.’’

మొదటి ఫొటో అమ్మది. తులసికోట పక్కన నిలబెట్టాను. గాజు పలకలో అమ్మ ఎడమకు పోతోంది, నేను కెమెరాను ఎడమకు తిప్పాను. ఇంకా పోయింది. కుడికి తిప్పేలోపు మీట నొక్కేశాను. సగం అమ్మ, సగం కోట. ఎనభై రూపాయలు పాయె అనుకున్నాను. ఫోన్లో అయితే ఆ లెక్క తట్టేదే కాదు. రెండో దానికి దూరం సరిచేయడం మరిచిపోయాను. మూడోదానికి నాయన కన్నార్పాడు. ఆర్పడం నాకు కనిపించింది కూడా!

మామ మెట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. ‘‘అల్లుడూ, చేతులు దించు. ముందు చూడు. ఎదురుగా ఎవరన్నా నిలబడితే మనిషి మొహానికి ఒక ఫొటో మొహం వస్తుంది. అది పొయ్యేదాకా ఆగు. అది ఎంతోసేపు నిలవదు. పోయినాక ఉండేది మనిషి.’’

ఎందరో గొప్ప ఫొటోగ్రాఫర్ల మాటలు వృత్తిరీత్యా చదివాను. దీనికి సాటొచ్చేది నాకు గుర్తులేదు.

ఆగాను. తల వంచి, పలకలోకి చూస్తూ అట్లాగే ఉన్నాను. నిజంగానే తెలిసింది. కెమెరా కంటికి పెట్టుకుంటే అవతలివాళ్లకు మన మొహం కనిపించదు, ఒక యంత్రం కనిపిస్తుంది. ఫోన్ ఎత్తినా అంతే. ఇక్కడ యంత్రం పొట్ట దగ్గరుంటుంది. మన తల వంగి ఉంటుంది. పెద్దవాళ్ల ముందు ఎట్లా ఉండాలో అట్లా. నాయన మొదట భుజాలు నిక్కబొడుచుకున్నాడు. తర్వాత దగ్గాడు. తర్వాత నన్ను మరిచిపోయి గోడ మీది జేజి ఫొటో వైపు చూశాడు. ఏడేళ్ల పిల్లవాడు అమ్మను చూసినట్లు. అప్పుడు నొక్కాను.

నాయన మొహాన్ని అంతసేపు, అంత దగ్గరగా నేను చూసి ఎన్నాళ్లయిందో లెక్క తేలలేదు. పద్నాలుగు వేల ఫొటోలు తీస్తున్నప్పుడు ఏం చూశానో తెలియదు.

పన్నెండూ అయ్యాక మామ రీలు బయటికి తీసి, కాగితం కొసను నాలికతో తడిపి అంటించాడు. ‘‘నేనే కడుగుతా’’ అన్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత! మా వైపు ఎండాకాలం కుళాయి నీళ్లే కాగినట్లుంటాయి. మందునీళ్లు ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలి. ఆ కాలంలో ఐసుగడ్డలు తెప్పించి గిన్నె చుట్టూ పేర్చి రీళ్లు కడిగేవాడట. ఇప్పుడు సంక్రాంతి చలి కాబట్టి కడవ నీళ్లే సరిపోయాయి. స్నానాలగది కిటికీకి దుప్పటి కప్పి, చీకట్లో రీలును ట్యాంకులోకి ఎక్కించాడు. తర్వాత బయటికొచ్చి, కొడుకు ఫోన్లో టైము చూసుకుంటూ ట్యాంకు ఊపాడు. హైపో వాసన లేచింది. నాకు ఆరేళ్ల వయసు లేచింది.

తీగకు బట్టల క్లిప్పు పెట్టి వేలాడదీస్తే పన్నెండు నలుచదరాలు. బాగా వచ్చినవి ఏడు. అమ్మవి మూడు. నాయనవి రెండు. చెల్లెలు పాపను ఎత్తుకున్నది ఒకటి. ఏడోది మామదే. మెట్టు మీద కూర్చుని నాకు చెబుతున్నప్పుడు తీసింది. ‘‘నన్నెందుకు తీస్తివి, ఫిలిం దండగ’’ అన్నాడు గానీ, కళ్లద్దాలు తుడుచుకుని ఆ ఒక్కదాన్నే రెండుసార్లు వెలుగుకు పెట్టి చూసుకున్నాడు.

వచ్చేముందు జేబులోంచి డబ్బు తీశాను. ‘‘మామా, మా నాయన బాకీ. 94 నుంచి వడ్డీతో సహా.’’

తీసుకోలేదు. జేజి నెగెటివ్ కవరును మళ్లీ ఆ అట్టపెట్టెలోనే పెట్టాడు. తర్వాత గూట్లోంచి ఇంకో గోధుమరంగు కవరు తీశాడు. నేను తీసిన రీలును మూడేసి ఫొటోల చొప్పున ముక్కలు చేసి, అందులో జాగ్రత్తగా దూర్చాడు. పైన నా పేరు రాశాడు. తేదీ వేశాడు.

‘‘కడిగిన కూలి పదిహేను రూపాయలు. ఇప్పుడొద్దులే, తర్వాత ఇద్దువు’’ అంటూ వంకరటింకర అంకెల్లో రాసి, కవరును పెట్టెలో జేజి పక్కన పెట్టి మూత వేశాడు.

‘బాకీ 15.’